డాక్టరు దగ్గర దాచే అలవాటు

లక్సెట్టిపేటలోనైనా, మంచిర్యాలలోనైనా మగమనిషి ఆసుపత్రిలో చేరినప్పుడు డాక్టరు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమైనా అలవాట్లున్నాయా?" బీడీ, గుట్కా, తంబాకు, మందు అని దాని అర్థం. పక్కన తండ్రో, భార్యో, మామగారో నిలబడి ఉంటారు. "ఏం లేవు సార్" అంటాడు రోగి. ఆ మాటే కేసు షీటులోకి ఎక్కుతుంది. చికిత్స దాని ఆధారంగానే మొదలవుతుంది.

2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలోని వయోజన పురుషుల్లో 42.4 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవారిలో 43.3 శాతం మంది మద్యం తాగుతున్నట్లు తేలింది. వారిలో మనవాళ్ళు ఒక్కరూ లేరనుకోవటం ఆత్మవంచనే అవుతుంది.

దాచితే ఏమవుతుంది? ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఆసుపత్రి మంచమెక్కగానే మందు ఒక్కసారిగా ఆగిపోతుంది. మొదటి రోజే చేతులు వణుకుతాయి. రెండు మూడు రోజుల్లో మూర్ఛలు రావచ్చు, లేనివి కళ్ళకు కనబడి కేకలు వేయవచ్చు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఇంటివారేమో జిన్ను పట్టిందని తాయెత్తు కోసం పరుగెత్తుతారు! సంగతి ముందే తెలిసి ఉంటే డాక్టరు తగిన మందులతో, బి1 విటమిన్‌తో చాలావరకు ఆ స్థితి రానివ్వడు.

బీడీ సంగతి చూడండి. మన అడవుల తునికాకుతో చుట్టిన బీడీ మాటిమాటికీ ఆరిపోతుంది కనుక తాగేవాడు గట్టిగా పీలుస్తాడు, పొగ లోతుగా దిగుతుంది. కొందరికి యాభై ఏళ్ళు రాకముందే నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తుంది, కాలివేలు నల్లబడుతుంది. దీన్ని బర్జర్ వ్యాధి అంటారు. పొగాకు పూర్తిగా మానకపోతే ఎన్ని మందులు వాడినా వ్యాధి ఆగదు. ఒక వేలు తీసేశాక మరో వేలు, ఆ తర్వాత పాదం. అలవాటు లేదని చెప్పిన రోగికి ఆ హెచ్చరిక ఎవరు చేస్తారు?

"పాపాన్ని బయట పెట్టుకోకూడదు కదా" అని కొందరు సోదరులు అంటారు. నిజమే, చేసిన పాపాన్ని గొప్పగా చాటుకోవటాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా గర్హించారు. కాని వైద్యుడికి చెప్పటం చాటుకోవటం కాదు. వైద్యం చేయించుకోమని కూడా ఆయనే (స) ఆదేశించారు. నిజం దాచి చేయించుకునేది సగం వైద్యమే. ఇంటివారి ముందు సిగ్గనిపిస్తే "డాక్టరు గారూ, మీతో ఒంటరిగా మాట్లాడాలి" అంటే చాలు. ఆ మాట విని తోడున్నవారు కాసేపు బయటికి వెళ్ళటం మర్యాద.

పొగాకును అరేబియా ప్రవక్త (స) కాలంలో ఎరగదు. అది అమెరికా ఖండాల నుండి వచ్చినది. అందువల్ల దాని విషయంలో పండితుల మధ్య మక్రూహ్ అని, హరామ్ అని చర్చ సాగింది. నా దృష్టిలో ఆ వేలు తీసేసే బల్ల దగ్గర ఆ చర్చకు చోటు లేదు. తమ చేతులతో తమను నాశనంలో పడవేసుకోవద్దన్న ఖుర్ఆన్ ఆజ్ఞ (2:195) అక్కడ సరిపోతుంది.

"మానలేను" అనేవారు రమజాన్‌ను గుర్తు చేసుకోవాలి. సహరీ నుండి మగ్రిబ్ వరకు పదమూడు గంటలకు పైగా బీడీ ముట్టకుండా ఉన్నది వారే కదా! పొగాకు మీది యావ మొదటి కొద్ది రోజులే తీవ్రంగా ఉంటుంది, రెండు నుండి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. ఆ మొదటి రోజులు వార్డులోనే గడిచిపోతే సగం పని అయినట్లే.

అయితే పరామర్శకు వచ్చే మిత్రులు ఊరుకోరు. రోగి పరామర్శ ఎంతో పుణ్యకార్యం. కాని "ఛాయ్ తాగొద్దాం రా భాయ్" అని అతన్ని గేటు బయటి పాన్ డబ్బా దగ్గరికి నడిపించటం ఏ పరామర్శ? అంతకంటే ఆ పొట్లం మీద అచ్చయిన 1800-11-2356 నంబరు అతనికి చూపించండి. పొగాకు మానదలచిన వారికి సలహా ఇచ్చే ఆ ఫోన్‌కు డబ్బు కట్టనక్కర లేదు.