మందులిచ్చువాని కాయకము

జహీరాబాదు వంటి యొక పట్టణమున, మందుల దుకాణములో, లింగధారియైన యువకుడొకడు ఫార్మసిస్టుగా కూర్చున్నాడనుకొందము. ఇంట శుద్ధ శాకాహారము. గ్రుడ్డు సైతము గడప దాటి లోనికి రాదు. సాయంకాలము ఒక వృద్ధుడు డాక్టరు చీటీ తెచ్చి చూపును. అందు వ్రాసినది క్యాప్సూలు. దాని తొడుగు సాధారణముగా జెలటిన్‌తో చేయుదురనియు, జెలటిన్ పశువుల ఎముకలనుండియు చర్మములనుండియు తీయు పదార్థమనియు యువకుడు చదువుకొనియున్నాడు. తాను నోట పెట్టని దానిని చేతితో నందించి సొమ్ము పుచ్చుకొనవచ్చునా? ఈ శంకను చాదస్తమని నవ్వి త్రోసివేయువారు కలరు. అది సరి గాదు. తాను అమ్ము వస్తువు ఎట్టిదో విచారింపని వానికి కాయకమన్న మాట ఎట్లు అబ్బును?

శంక పాతదే. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులిన్‌ను కనుగొనిరి. 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునకు దానిని తొలిసారిగా ఎక్కించిరి. అంతకు పూర్వము ఆ వ్యాధి వచ్చిన పిల్లలను ఆకలితో నుంచు పథ్యమే చికిత్స; అదియు మరణమును కొంతకాలము వాయిదా వేయుటకే. అయితే ఆ మందు పశువుల క్లోమమునుండి, పిదప పందుల క్లోమమునుండి గూడ తీసినది. సూక్ష్మజీవుల సాయమున తయారగు మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి లభించినది 1982లో. అనగా అరువది యేండ్లు ఇన్సులిన్ తప్పనిసరియైన మధుమేహరోగికి వేరు దారి లేదు. రక్తము గడ్డ కట్టకుండ నిచ్చు హెపారిన్ నేటికిని ప్రధానముగా పంది ప్రేగులనుండియే వచ్చుచున్నది. శాకాహారియైన ఔషధవిక్రేత ఆ సీసా తన నియమమునకు విరుద్ధమని దాచివైచినచో, నియమము అతనిది, ప్రాణము మరియొకనిది.

నులియ చందయ్య కథ శరణుల చరిత్ర నెరిగిన వారందరికి తెలిసినదే. గడ్డి కోసి త్రాళ్లు పేని, అమ్మి, ఆ సొమ్ముతో జంగమ దాసోహము నడపిన వాడాయన. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడినను ఆగక మోపుతో సాగెననియు, లింగమే వెంటబడి వేడుకొనెననియు చెప్పుదురు. ఇష్టలింగమును తేలిక చేయుటకు పుట్టిన కథగా దీనిని తీసికొనరాదు. ఆ మోపు పైన దాసోహపు పంక్తికి వచ్చు వారి ఆకలి ఆధారపడియున్నది. అనుష్ఠానము తనకును లింగమునకును నడుమ విషయము. కాయకము ఎదుటివానితో గూడ ముడిపడినది. యువకుని శాకాహార నియమము తన నోటికి వేసికొన్న హద్దు. వృద్ధుని నోటికి ఆ హద్దు వేయు అధికారము అతనికి ఎవ్వరు నీయలేదు.

ఈ తగవు పరదేశములలో న్యాయస్థానముల దాక పోయినది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున గర్భము రాకుండుటకై వాడు అత్యవసర మాత్రలను కొందరు మతవిశ్వాసముచేత ఈయ నిరాకరించిరి. ఆ మాత్రను మూడు దినములలోపల, ఎంత శీఘ్రముగ వేసికొనిన అంత మేలు. 2007లో ఆ రాష్ట్రము నిబంధన చేసెను: మనస్సాక్షి ఒప్పని ఫార్మసిస్టు ప్రక్కకు తొలగవచ్చును, కాని ఆ దుకాణమునందే వేరొకరు మందు ఈయవలెను. ఒలింపియా నగరమునందలి ఒక కుటుంబపు దుకాణమువారు వ్యాజ్యము వేసి 2012లో గెలిచిరి; 2015లో పై న్యాయస్థానము నిబంధననే నిలిపెను; 2016లో సుప్రీంకోర్టు విచారణకు స్వీకరింపలేదు. నలుగురు పనిచేయు దుకాణమునకు ఈ ఏర్పాటు చక్కనిదే. ఒక్క దుకాణము, అందొక్కడే మనిషి ఉన్న పల్లెలో ప్రక్కకు తొలగుట ఎట్లు? అట్టివాడు దుకాణము తెరచుటకు ముందే ఆలోచించుకొనవలెను. అర్ధరాత్రి చీటీ చేతికి వచ్చిన పిదప కాదు.

అట్లని ఫార్మసిస్టునకు మనస్సాక్షి వలదని అర్థము చేసికొనరాదు. అది మేలుకొని యుండవలసిన చోటు వేరు. చీటీ లేకయే యాంటీబయాటిక్ రెండు బిళ్లలడుగు వానికి, నిద్రమాత్రలకై వారమున కొకసారి వచ్చు వానికి, అంకె దిద్దిన పాత చీటీ చూపు వానికి "లేదు" అని చెప్పవలెను. 1945 నాటి ఔషధ నిబంధనలు వ్రాసిన మందునకు బదులు వేరొకటి తనంత తానిచ్చుటను ఒప్పవు. 2014 మార్చి 1 నుండి అమలునకు వచ్చిన షెడ్యూలు హెచ్-1లోని మందులకు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణము రిజిస్టరులో వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. ఇట్లు కాదనుటవలన బేరము పోవును, యజమానికి కోపము వచ్చును, ఒక్కొక్కప్పుడు ఉద్యోగమునకే ముప్పు. నష్టము కాదన్నవానిదే. క్యాప్సూలును కాదనినచో నష్టము రోగిది. ఈ రెంటి భేదమును గుర్తింపక, జెలటిన్‌ను ముట్టనని బిగించుకొని, తన సర్టిఫికెట్టును మాత్రము నెలకింతని అద్దెకిచ్చి దుకాణము ముఖమే చూడని వారును ఉన్నారు. వారి శాకాహారమును గూర్చి చెప్పనేల?

ఇక ఆ వృద్ధుడే లింగధారియై, "నాయనా, ఇందులో మాంసపు వస్తువేమైన కలదా?" అని అడిగెననుకొందము. అప్పుడు నియమము రోగిది, దానిని మన్నింపవలసినదే. సరకు పోవునేమో యని "ఏమియు లేదు తాతా" అనుట అబద్ధము. తొడుగు విప్పి పొడిని నీళ్లలో కలిపికొమ్మనుటయు తగదు. కొన్ని మందులు ఆ తొడుగు లేక కడుపులోని ఆమ్లమునకు చెడిపోవును, కొన్నిటి లోపలి గుళికలు నెమ్మదిగ కరుగునట్లు చేయబడినవి. ఉన్నది ఉన్నట్లు చెప్పి, అదే మందు బిళ్లగా గాని, పానకముగా గాని దొరకునేమో చూచి, చీటీ వ్రాసిన డాక్టరునకు ఫోను చేసి యడుగవలెను. అంతవరకు ఆ తాతకు కుర్చీ వేసి, త్రాగుటకు మంచినీళ్లీయవచ్చును.