కంట్లో పొట్టు పడిందా? పసరు పోయకండి

కొండగట్టు చుట్టుపక్కల మల్యాల, కొడిమ్యాల మండలాల్లో వరి కోతలు మొదలైతే గాలి నిండా పొట్టూ దుమ్మే. వడ్లు తూర్పార పట్టేటప్పుడో, మక్కలు పట్టించేటప్పుడో కంట్లో నలుసు పడుతుంది. కలుపు తీస్తుంటే వరి ఆకు అంచు గీసుకుంటుంది. కన్ను నలిపేసి మళ్లీ పనిలో పడతాం. నల్లగుడ్డు మీద పడ్డ ఆ చిన్న గాయమే ఒక్కోసారి చూపు తీస్తుంది.

కారణమేమిటి?

పొట్టుతో పాటు బూజు (శిలీంధ్రం) గాయంలోకి చేరి పుండు చేస్తుంది. వీటిలో ముఖ్యమైనవి ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్. రైతులకు ఇవి కొత్త కావు. కందికి ఎండు తెగులు తెచ్చేది ఫ్యుజేరియం జాతిదే. తడిసిన మక్కలకు పట్టే బూజుల్లో ఆస్పర్‌జిల్లస్ ఒకటి.

గుర్తులు

కన్ను ఎర్రబడి నీరు కారుతుంది. వెలుతురు చూడలేరు. నొప్పి, మసక ఉంటాయి. నల్లగుడ్డుపై తెల్లమచ్చ కనబడుతుంది. బూజు పుండు మెల్లగా ముదురుతుంది. నాలుగు రోజులు చూద్దామనుకుంటే లోతుకు దిగుతుంది.

వెంటనే ఏం చేయాలి?

* శుభ్రమైన నీటితో కన్ను కడగండి. నలపకండి.
* గుచ్చుకున్న నలుసును సూదితో, గుడ్డ కొసతో, నాలుకతో తీయించకండి.
* ఆకు పసరు, చనుబాలు, ఆముదం పోయకండి.
* దుకాణంలో అడిగి చుక్కలు కొనకండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ చుక్కలతో ఎరుపు తగ్గినట్టుంటుంది, లోపల బూజు పెరుగుతుంది.
* అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.

చికిత్స

పుండు నుంచి కొంచెం గీకి, సూక్ష్మదర్శినిలో చూసి బూజును గుర్తిస్తారు. బూజు పుండుకు ప్రధానమైన మందు 5 శాతం నాటమైసిన్ చుక్కలు. సీసా బాగా కుదిపి వేయాలి. మొదట్లో గంటకోసారి వేయమంటారు. వారాల తరబడి వాడాలి. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపితే పుండు తిరగబెడుతుంది. మదురై అరవింద్ ఆసుపత్రి పాల్గొన్న, 2013లో వెలువడిన పరిశోధనలో వొరికొనజోల్ చుక్కల కన్నా నాటమైసిన్ మెరుగని, ముఖ్యంగా ఫ్యుజేరియం పుండ్లకు, తేలింది. ఆలస్యమైతే నల్లగుడ్డుకు చిల్లు పడి, దాన్ని మార్చే ఆపరేషన్ అవసరం కావచ్చు. పుండు మానినా పువ్వు మిగిలిపోవచ్చు.

ముందు జాగ్రత్త

కోత మిషన్ దగ్గర, తూర్పార పట్టే చోట కళ్లద్దాలు పెట్టుకోండి. గాలికి ఎదురుగా నిలబడకండి.

ఇక్కడివారు జగిత్యాల, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్లవచ్చు. పాత ఆదిలాబాద్ వైపు వారికి ముథోల్‌లో 1996 నుంచి ఎల్.వి.ప్రసాద్ సంస్థ కంటి కేంద్రం ఉంది. అప్పటికే ఏవైనా చుక్కలు వేసి ఉంటే ఆ సీసా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.