ఇంగ్లీషు ముచ్చట్లు – “జస్ట్ క్యూరియస్” అంటే ఉత్తగనే!



హైదరాబాదులో బషీర్‌బాగ్ చౌరస్తా దగ్గర కాసేపు నిలబడితే ఒకే భావం మూడు భాషల్లో వినబడుతుంది. ఎవరో ఏదో అడుగుతారు. ఎదుటి మనిషి “ఎందుకు అడుగుతున్నవ్?” అంటాడు. అప్పుడు మనవాళ్లయితే “ఏం లేదు, ఉత్తగనే అడిగిన” అంటారు. కోస్తా నుంచి వచ్చినాయన “ఊరికే అడిగానండీ” అంటాడు. పాతబస్తీ ఆయన “ఐసేచ్ పూఛా” అంటాడు. (ఆ ‘చ్’ హైదరాబాదు ఉర్దూకి మరాఠీ నుంచి వచ్చింది.) పక్కనే నిజాం కాలేజీ గేటులోంచి వచ్చే పిల్లలు మాత్రం “జస్ట్ క్యూరియస్” అంటారు.

ఆ గేటు దగ్గర ఇంగ్లీషు వినబడడం కొత్తేం కాదు. నిజాం కాలేజీని 1887లో పెట్టారు. 1947 వరకు అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది, చదువు ఇంగ్లీషులో. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరగతులు మొదలైంది కూడా ఆ పక్క భవనంలోనే. అక్కడ పాఠాలు ఉర్దూలో!

ఇక మాట సంగతి. ‘క్యూరియస్’ అంటే తెలుసుకోవాలని ఉన్న మనిషి. దీనికి మూలం లాటిన్‌లో ‘కూరా’, అంటే శ్రద్ధ. ముందు ఏ మాట చేరిస్తే అంత మోతాదు. ‘వెరీ క్యూరియస్’ అంటే చాలా కుతూహలం. ‘ఎ లిటిల్ క్యూరియస్’ అంటే కొంచెం. ‘మైల్డ్‌లీ క్యూరియస్’ అన్నా దాదాపు అంతే. ‘ఐడ్లీ క్యూరియస్’ అంటే పనీపాటా లేని కుతూహలం (ఇడ్లీ కాదు సుమా!). ‘జస్ట్ క్యూరియస్’ అంటే చెప్పినా సరే, చెప్పకపోయినా సరే అని.

ఈ చివరిది జ్ఞాపకం పెట్టుకోండి. జవాబు చెప్పకపోయినా సరే అని మనమే ఒప్పుకుంటున్నాం అన్నమాట. బస్సులో పక్కాయన చేతిలో పుస్తకం చూసి “జస్ట్ క్యూరియస్, వాట్ ఆర్ యూ రీడింగ్?” అనొచ్చు, బాగుంటుంది. కాని పదో తరగతి అయ్యాక సర్టిఫికెట్ కోసమో, స్కాలర్‌షిప్ కోసమో ఒక ఆఫీసుకు పోయినప్పుడు భయంతో “జస్ట్ క్యూరియస్ సార్, మై స్కాలర్‌షిప్...” అంటే ఏమవుతుంది? ఉత్తగనే అడుగుతున్నాడులే అని ఆయన ఫైలులో తల పెట్టేస్తాడు. అది మనకు రావలసింది. అక్కడ “ఐ నీడ్ టు నో” అనాలి. అంటే నాకు తెలియాలి.

అది మరీ గట్టిగా అనిపిస్తే ఇంకో దారి ఉంది. “ఐ వజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ హెల్ప్ మీ.” ఇప్పుడే అడుగుతూ ‘వజ్’ అని భూతకాలం ఎందుకు? మర్యాద కోసం. మనమూ సార్ దగ్గరకు పోయి “ఒక మాట అడుగుదామనుకున్నాను సార్” అంటాం కదా! ఇప్పుడు అడుగుతూనే ‘అనుకున్నాను’ అంటున్నాం. రెండు భాషలదీ ఒకటే యుక్తి. ఇందులో అవసరం దాగదు, గొంతు మాత్రం మెత్తబడుతుంది. పలికేటప్పుడు ‘వాండరింగ్’ అనకండి, అది ఊరు తిరగడం.

ఇంకొక సంగతి. సిటీ హాస్టల్లో మనల్ని “మీరు అడవిలో ఏం తింటారు? జస్ట్ క్యూరియస్!” అని అడిగేవాళ్లు ఉంటారు. కొందరికి నిజంగా తెలుసుకోవాలనే ఉంటుంది. వాళ్లకు ఇప్పపువ్వు సంగతీ, వెదురు కొమ్ముల కూర సంగతీ సంతోషంగా చెప్పండి. కొందరు నవ్వడానికి అడుగుతారు. వెనకాల ‘జస్ట్ క్యూరియస్’ తగిలించినంత మాత్రాన ఎగతాళి ప్రశ్న మంచిదైపోదు. అప్పుడు “ఐ వుడ్ రాదర్ నాట్ సే” అనండి. చెప్పకుండా ఉండడమే నాకు ఇష్టం అని అర్థం. మర్యాద తప్పదు. లేదంటే అదే మాట తిరిగి వేయండి: “జస్ట్ క్యూరియస్, వై డు యూ ఆస్క్?”

అభ్యాసం: ఈ కింది వాటిలో ‘జస్ట్ క్యూరియస్’ ఎక్కడ సరిపోతుంది, ‘ఐ నీడ్ టు నో’ ఎక్కడ?
1. ఈ బస్సు నాంపల్లి పోతుందా?
2. మీ కుక్క పేరేమిటి?
3. హాల్ టికెట్ ఎప్పుడిస్తారు?
4. ఈ బిల్డింగు ఎన్ని అంతస్తులు?

ఐదోది అందరికీ: మీ ఇంట్లో గోండీ, కోయ, లంబాడీ ఏది మాట్లాడితే అందులో ‘ఉత్తగనే అడిగిన’ అని ఎట్లా అంటారో రాసి, ఈ గోడ పత్రిక కింద పిన్ను చేయండి.