మండపం దగ్గర నవ్వించిన ఆర్టిస్టును మళ్లీ ఒకసారి చూడండి

కంపెనీ యానివర్సరీకి కామెడీ ప్రోగ్రామ్ మాట్లాడే పని మీకు అప్పగించారనుకోండి. అది బాగా జరిగితే మీ పేరు ఎవరూ ఎత్తరు, చెడితే మాత్రం అందరూ మీ పేరే ఎత్తుతారు. అందుకే గట్టిగా చెబుతున్నాను: వినాయక నవరాత్రుల్లో చూసి నచ్చిన మిమిక్రీ ఆర్టిస్టును పండుగ అయ్యాక ఇంకోసారి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

భువనగిరిలో మండపం ముందు నిలబడ్డ జనం పండుగ సంబరంలో ఉంటారు, టికెట్ కొని రారు. పిల్లల డ్యాన్సులకు, పాటలకు మధ్య ఆర్టిస్టుకు దొరికేది పది, ఇరవై నిమిషాలు. రాత్రి 10 గంటలకు మైకు ఆపాలన్నది రూల్. పండుగకు సడలింపు ఇచ్చినా 12 దాటకూడదు. ఆ తొందరలో ఆయన తప్పకుండా పేలే ఐటమ్స్ మాత్రమే చేస్తాడు. మీరు చూసింది అదే.

మీ ఫంక్షన్ వేరు. బీబీనగర్ వైపు ఒక ఫ్యాక్టరీ అనుకుందాం. ముందు వరసలో మేనేజ్‌మెంట్, వెనక షిఫ్ట్ దిగి వచ్చిన వర్కర్లు, పక్కన కుటుంబాలు, అడిగింది 45 నిమిషాలు. ఇరవై నిమిషాలకు సరుకు అయిపోతే ఆర్టిస్టు పాత జోకులు తీస్తాడు. భార్య మీద, ఒంటి రంగు మీద, యాస మీద. మర్నాడు హెచ్ఆర్‌కు వెళ్లే కంప్లయింట్ మీ టేబుల్ మీదికే వస్తుంది.

పోలికకు ఎడిన్‌బరో ఫ్రింజ్‌ను చూడండి, అది 1947 నుంచి నడుస్తున్న కళల పండుగ. అక్కడ ఆగస్టులో కమెడియన్లు ఒకే షోను దాదాపు మూడు వారాలు ఆడతారు. తర్వాత చాలామంది అదే షోతో ఊళ్లు తిరుగుతారు. ఆడుతూ ఆడుతూ షో పదునెక్కుతుంది. మన దగ్గర నవరాత్రుల్లో రోజుకో కాలనీ, ఒక్కోసారి రాత్రికి రెండు స్టేజీలు. దిద్దుకునే తీరిక ఉండదు, నిమజ్జనం నాటికి గొంతు బొంగురుపోతుంది. కాబట్టి కనీసం రెండు మూడు వారాలు ఆగి, కుర్చీల్లో కూర్చుని వినే జనం ముందు చూడండి.

ఎక్కడ చూడాలంటారా? డిసెంబర్ 28 వరంగల్ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పుట్టినరోజు. 2001లో పద్మశ్రీ అందుకున్న ఆయన, ఇంగ్లిష్ సినిమా సీన్లను సౌండ్‌తో సహా ఒక్క గొంతుతో వినిపించేవారు. ఆ రోజును మిమిక్రీ కళాకారులు ప్రపంచ మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటారు. ముందే కనుక్కుంటే, మీకు కావలసిన ఆర్టిస్టు ఆ రోజు వరంగల్‌లోనో, హైదరాబాద్‌లోనో ప్రోగ్రామ్ చేస్తున్నాడేమో తెలుస్తుంది. భువనగిరి నుంచి రెండు వైపులా రైలు ఉంది. ఒక సాయంత్రం పోతుంది, పోనివ్వండి.

రెండోసారి చూసేటప్పుడు ఆర్టిస్టును వదిలి హాలును గమనించండి. పదిహేనో నిమిషం తర్వాత జనం ఫోన్లు తీస్తున్నారా? నవ్వు రాని చోట ఆయన ఏం చేశాడు? పాత హీరోల గొంతులు ఇరవై ఏళ్ల ట్రెయినీకి తెలియవు. తెలుగు రాని ఒడిశా, బిహార్ వర్కర్లు ఉంటే రైలు కూత, కుక్కల కొట్లాట లాంటి శబ్దాల ఐటమే వాళ్లకు అందుతుంది. దాన్ని ప్రత్యేకంగా అడగండి.

వెళ్లడం కుదరకపోతే ఎడిట్ చేయని ఇరవై నిమిషాల వీడియో తెప్పించుకోండి. రెండు నిమిషాల రీల్ చూసి నిర్ణయించొద్దు.

మళ్లీ చూస్తే సగమే బాగుందా? ఆర్టిస్టును వదులుకోకండి, 20 నిమిషాలకే బుక్ చేసి మిగతా టైమ్‌లో స్టాఫ్‌తో పాటలు పెట్టించండి. రేటు దగ్గర మాత్రం మండపం లెక్క చెప్పి బేరమాడకండి. అక్కడ కమిటీ కుర్రాళ్లు చందాలతో ఇచ్చిన మొత్తం అది, మీది కంపెనీ పని. టైమ్, వాహనం, సౌండ్, చేయకూడని జోకులు వాట్సాప్‌లో రాసి ఓకే తీసుకోండి. పాన్ నంబర్, బ్యాంక్ వివరాలు ముందే అడగండి, టీడీఎస్ సంగతి అకౌంట్స్ వాళ్లతో తేల్చుకుని చేతికి ఎంత వస్తుందో ఆయనకు చెప్పండి. మిగతా పేమెంట్ ప్రోగ్రామ్ అయిన రాత్రే ఇప్పించండి.