వుజూ నీటితోనే మొదలుపెడదాం

ఫజ్ర్ అజాన్ వినిపిస్తుంది. నిద్రమత్తులోనే లేచి కుళాయి తిప్పుతాం. చొక్కా చేతులు పైకి మడుచుకునేదాకా నీరు కారుతూనే ఉంటుంది. పక్కవారికి సలాం చెబుతున్నా, తలకు మసహ్ చేస్తున్నా కారుతూనే ఉంటుంది. అల్లాహ్ సన్నిధిలో నిలబడటానికి బయలుదేరుతూ, ఆయన ప్రసాదించిన అనుగ్రహాన్నే మురుగుకాలువలో పారబోస్తున్నామన్న ఆలోచన మనకు రాదు.

పర్యావరణ పరిరక్షణ అనగానే అది ప్రభుత్వాల పని అనుకుంటాం. కాని విశ్వాసికి ఆ పాఠం రోజుకు ఐదుసార్లు, ఇంటి కుళాయి దగ్గరే మొదలవుతుంది.

ప్రవక్త (స) వాడిన నీరెంత?

దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో వుజూ చేసేవారని, ఒక 'సా' మొదలుకొని ఐదు ముద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. నాలుగు ముద్‌లు ఒక సా. ముద్ అంటే నేటి కొలతలో సుమారు ముప్పావు లీటరు. హనఫీ ధర్మవేత్తల లెక్క ప్రకారం చూసినా దాదాపు ఒక లీటరు. అంటే ఒక లోటా నీరు!

మనం ఒక్కో వుజూలో అవసరానికి మించి 3 లీటర్లు పారబోస్తున్నామనుకుందాం. రోజుకు 15 లీటర్లు. ఇంట్లో ఐదుగురుంటే 75 లీటర్లు. నెలకు 2,250 లీటర్లు. ఆరాధన పేరుతోనే ఇంత వృథా!

హజ్రత్ సాద్ (రజి) వుజూలో నీరు ఎక్కువగా వాడుతుంటే ప్రవక్త (స) వారించారనీ, పారే నది ఒడ్డున ఉన్నా అది దుబారాయేనని బోధించారనీ ఇబ్నెమాజాలో ఒక ఉల్లేఖనం ఉంది. దాని పరంపర బలహీనమైనదని కొందరు హదీసువేత్తలు అన్నారు. అయితే మూడుసార్లకు మించి కడగటం హద్దు మీరటమేనన్న బోధన అబూదావూద్ తదితర గ్రంథాలలో ఉంది.

పొదుపు అంటే వుజూను అసంపూర్ణంగా వదిలేయటం కాదు. మడమలు పొడిగా వదిలేసిన వారిని ప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. అవయవం పూర్తిగా తడవాలి, నీరు మాత్రం వృథా కాకూడదు. ఇదే మధ్యేమార్గం.

నీరు ఇంకిపోతే?

మనలో చాలామంది రాత్రి పడుకునే ముందు ముల్క్ సూరా పారాయణం చేస్తారు. మీ నీరు భూమిలోకి ఇంకిపోతే పారే నీటిని మీకు తెచ్చి ఇచ్చేదెవరన్న ప్రశ్నతో ఆ సూరా ముగుస్తుంది. రాయలసీమలో, తెలంగాణలో బోరు ఎండిపోవటం చూసినవారికి ఈ ప్రశ్న అర్థం బాగా తెలుసు. అక్కడ చాలాచోట్ల భూమి కింద గట్టి రాయి. ఆ రాతి పగుళ్ళలో నిలిచిన కాస్త నీరే బోర్లకు ఆధారం. ఇంకిన వాననీటికంటే తోడేది ఎక్కువైతే ఆ నిల్వ తరిగిపోతుంది.

మన ఇంట్లో లోతైన బోరు ఉండవచ్చు. పక్క వీధిలో ఒక పేద తల్లి బిందెలు పెట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఇంటి చుట్టూ ఉన్న ప్రహరీగోడ భూమి లోపలి నీటికి ఉండదు. మనం అనవసరంగా తోడేసిన దానిలో ఆమె వంతు కూడా ఉండవచ్చు. నీటిలో ప్రజలంతా భాగస్వాములేనని ప్రవక్త (స) బోధించారు. కనుక ఇది కేవలం మోటారు బిల్లుకు సంబంధించిన విషయం కాదు. పొరుగువారి హక్కుకు సంబంధించిన విషయం.

ఈ నెల నుంచే ఆచరిద్దాం

1. ఇంట్లో వుజూకు ఒక లోటా పెట్టుకుందాం. కుళాయి వాడక తప్పకపోతే సన్నని ధారగా వదిలి, మసహ్ చేసేటప్పుడు కట్టేద్దాం.

2. చుక్కలు కారే కుళాయికి ఈరోజే వాషరు మార్పిద్దాం. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు మొక్కలకు పోద్దాం.

3. తినగలిగినంతే వడ్డించుకుందాం. కింద పడిన ముద్దను కూడా శుభ్రం చేసుకుని తినమని నేర్పిన ప్రవక్త (స) అనుచరులం మనం. వలీమా విందుల్లో బిర్యానీ చెత్తకుప్పకు చేరటం మనకు తగదు.

4. బజారుకు గుడ్డసంచి తీసుకెళదాం. బాటలోని హానికర వస్తువును తొలగించటం విశ్వాసంలో ఒక శాఖ. అలాంటప్పుడు కవర్లూ సీసాలూ మనమే బాటలో పడవేయటం ఏమిటి?

5. ఒక మొక్క నాటుదాం. దాని ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవారికి అది సదఖాయే.

6. మస్జిదు కమిటీ పెద్దలతో మాట్లాడి, వుజూ నీరు చెట్లకో, ఇంకుడు గుంతకో చేరేలా చూద్దాం.

ఇవి చిన్న పనులే. కాని కొంచెమైనా సరే, నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదని ప్రవక్త (స) తెలియజేశారు. అనుగ్రహాలను గురించి ప్రళయదినాన తప్పక ప్రశ్నిస్తారని దివ్యఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. రేపు ఫజ్ర్ వేళ కుళాయి మీద చేయి వేసినప్పుడు ఆ ప్రశ్నను ఒక్కసారి గుర్తు చేసుకుందాం. మనల్ని చూసే మన పిల్లలు నేర్చుకుంటారు.

తన అనుగ్రహాలను కృతజ్ఞతతో, పొదుపుగా వాడుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.