తొలి వంటల పుస్తకం: గుప్పెడంటే ఎవరి గుప్పెడు?

సంగటి ఎట్ల చేస్తావవ్వా అంటే, ‘పిండి పోసి మూత పెట్టి, ఉడికినాక కట్టెతో గెలకాల’ అంటుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పుట్టినవాళ్లకు ఆ మాట చాలు. విశాఖలోనో న్యూజెర్సీలోనో పుస్తకం విప్పినవాళ్లకు చాలదు. గ్లాసు బియ్యానికి నీళ్లెన్ని? బియ్యం పాతవైతే ఎంత పెంచాలి? పిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో గుంత చేసి, కదపకుండా ఎంతసేపు వదలాలి? ఉండలు కడితే ఏం చేయాలి? వీటికి జవాబు రాయగలిగినవాళ్లే వంటల పుస్తకం రాయగలరు. చేతివంట బాగుంటే సరిపోదు.

నేనూ ఒకప్పుడు ఊరుబిండి పచ్చడి గురించి రాస్తూ ‘గుప్పెడు శనక్కాయలు’ అని ఊరుకున్నాను. చదివిన మా వదిన ‘ఎవరి గుప్పెడు?’ అనడిగింది. అప్పటినుంచి తూకం మిషను లేనిదే కలం పట్టలేదు.

ఈ దారిలో మనవాళ్లు ముందే నడిచారు. జి.నిర్మలారెడ్డి 1974లో తెలుగులో ‘వనిత వంటకాలు’ తెచ్చారు. ఆ పుస్తకాన్నే ఆధారం చేసుకుని మనవరాలు అర్చన పిడతల ఇంగ్లిషులో ‘ఫైవ్ మార్సెల్స్ ఆఫ్ లవ్’ రాసి, 2016లో సొంతంగా అచ్చు వేయించుకున్నారు. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి పెద్ద కుమార్తె సుభద్ర చేతివంటను జిగ్యాస గిరి, ప్రతిభా జైన్ ‘కుకింగ్ ఎట్ హోమ్ విత్ పెదత్త’గా రాస్తే, దానికి గూర్మాండ్ ప్రపంచ పురస్కారం దక్కింది. అంతకు చాలా ముందే, 1951లో, మద్రాసులో ఎస్.మీనాక్షి అమ్మాళ్ తమిళంలో ‘సమైత్తు పార్’ అచ్చు వేయించారు. అందులో రంగుల బొమ్మలు లేవు, కొలతలున్నాయి. డెబ్బై ఏళ్లు దాటినా అమ్ముడవుతూనే ఉంది.

మీరూ రాయాలనుకుంటే, ముందు విషయం తేల్చుకోండి. ‘వెయ్యి రకాల వంటలు’ అనే పుస్తకాలు బస్టాండు దుకాణాల్లో బోలెడున్నాయి, మీరు ఇంకోటి రాయొద్దు. కర్నూలు పల్లెల్లో జొన్న, కొర్ర, రాగి, శనక్కాయలతో చేసే నలభై వంటలు చాలు. ఉగ్గాణిలో పుట్నాల పొడి ఎప్పుడు వేయాలో, భక్ష్యాలకు పూర్ణం ఎంత గట్టిగా రుబ్బాలో రాసేవాళ్లు తక్కువ.

తర్వాత పరీక్ష. మీరు రాసింది చదివి, మీరు పక్కన లేకుండా, ముగ్గురు వేరేవాళ్లు వండాలి. ఈ పనికి ఓర్వకల్లు కంటే మంచి చోటు దొరకదు. తొంభైల నుంచే పొదుపు సంఘాలకు పేరుపడిన మండలం ఇది. సంఘం సమావేశానికి వెళ్లి, మీ కాగితం ఒకామె చేతిలో పెట్టండి. ఆమె ఎక్కడ ఆగి మీవైపు చూస్తుందో, ఆ వాక్యం తిరగరాయండి.

ప్రచురణకర్త దగ్గరికి మొత్తం రాతప్రతి మోసుకెళ్లక్కర్లేదు. పుస్తకం ఏమిటో, ఎవరు కొంటారో చెప్పే రెండు పేజీలు, విషయసూచిక, పరీక్షించిన ఐదు వంటలు చాలు. రాయల్టీ మామూలుగా పుస్తకం ధరపై పది శాతం అటూ ఇటూ ఉంటుంది. ఒప్పందంలో అనువాద హక్కులు, ఈ-బుక్ హక్కులు ఎవరివో చూడకుండా సంతకం పెట్టొద్దు. డబ్బులు మిమ్మల్నే అడిగేవాళ్లను ప్రచురణకర్త అనుకోకండి. అది ముద్రణ సేవ, లెక్క వేరు.

సొంతంగా వేసుకుంటే ఐఎస్‌బీఎన్ నంబరుకు పైసా ఖర్చు లేదు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. డిజిటల్ ముద్రణలో మొదట రెండు మూడు వందల కాపీలే వేయండి. రంగుల ఫొటోలు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. వాటిని మధ్యలో ఒక్క ఫారంలో సర్దితే మేలు. అచ్చయిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చట్టం చెప్పిన మిగతా గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి.

దినుసుల జాబితాపై ఎవరికీ కాపీరైట్ రాదు. రాసిన మాటలపై వస్తుంది. యూట్యూబులో విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించితే చిక్కే.

తొలి పుస్తకంతో ఇల్లు గడవదు. దాన్ని చూపించి పత్రికల్లో శీర్షిక, వంట తరగతులు, హోటళ్లకు మెనూ రాసే పని అడగొచ్చు. బతుకుదెరువు అక్కడ మొదలవుతుంది.

ఈ ఆదివారం ఇంట్లో అవ్వ ఎసరు పెట్టేముందు ఆపి, ఆ నీళ్లు గ్లాసుతో కొలిచి రాసుకోండి.