ఆటలలో తలదెబ్బలు – మెదడునకు గలుగు దీర్ఘకాలపు హాని



గడచిన సంవత్సరము మేము చూచిన యొక కబడ్డి పందెములో, కూతకు వచ్చిన బాలునొకనిని నలుగురు పట్టి పడవేసిరి. వాని తల గట్టినేలకు తగిలెను. నెత్తురు రాలేదు. లేచి నిలిచి, తాను ఏ పక్షమువాడో తెలియక రెండుమూడు క్షణములు దిక్కులు చూచెను. ఎవరో ముఖముపై నీళ్లు చల్లిరి. మరియొకరు “ఏమియు కాలేదు, ఆడుము” అనిరి. వాడు మరల కూతకు పోయెను. చుట్టు నిలిచిన వారందఱు చప్పట్లు గొట్టిరి. మేమును గొట్టితిమి. పందెము ముగిసిన పిదప వాడు “మన కెన్ని పాయింట్లు వచ్చినవి?” అని ముమ్మారు అడిగెను. అప్పుడుగాని మాకు భయము గలుగలేదు.

ఆ బాలుడు క్షేమముగనే యున్నాడు. కాని ఆనాడు మేము మెచ్చుకొన్నది ధైర్యమునా, మా యజ్ఞానమునా అను ప్రశ్న మమ్ము విడువలేదు. దానికి సమాధానము వెదకుచు మేము నేర్చుకొన్న సంగతులను ఈ వ్యాసమున మీ ముందుంచుచున్నాము.

మెదడు – దాని నివాసము

పెద్దవాని మెదడు సుమారు 1400 గ్రాముల బరువు గలది. అది మిక్కిలి మెత్తనిది. గట్టియగు కపాలములో, పలుచని ద్రవము నడుమ అది యుండును. దీనిని తెలిసికొనుటకు ఇంటిలోని పెరుగుకుండను తలచుకొనుడు. గడ్డపెరుగు గల కుండను చేతబట్టి వేగముగ నడచుచు హఠాత్తుగ నాగినచో కుండ పగులదు. లోపలి పెరుగు మాత్రము విరిగి నీరు తేరును. తల వేగముగ కదలి యాగినప్పుడును, ప్రక్కకు విసరున తిరిగినప్పుడును, కపాలము చెక్కుచెదరకయే లోపలి మెదడు సాగి, మెలితిరిగి, దానిలోని సన్నని నరముల తంతువులు దెబ్బతినవచ్చును.

దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. మొదటిది, నెత్తురు రాలేదు గనుక దెబ్బ తగులలేదనుట పొరపాటు. రెండవది, శిరస్త్రాణము కుండను కాపాడునుగాని పెరుగు కదలకుండ పూర్తిగ ఆపజాలదు. అది కపాలము పగులకుండ కాచు గొప్ప సాధనమే. మోటారు సైకిలెక్కు ప్రతివాడును దానిని ధరింపవలసినదే. కాని అది తలపై నున్నదన్న ధీమాతో తలను ఆయుధముగ వాడుట తగదు.

అమెరికా ఫుట్‌బాల్ కథ

అమెరికా దేశమున ఫుట్‌బాల్ అనబడు ఆట మన కాలిబంతి కాదు. కోలగానున్న బంతిని చేతబట్టుకొని పరుగెత్తువానిని ఎదుటి పక్షమువారు ఢీకొని పడవేయుదురు. ఆటగాండ్రు శిరస్త్రాణములు, భుజకవచములు ధరింతురు. 2012లో ఈ యాటకు ఎలీట్ ఫుట్‌బాల్ లీగు పేర పందెములు జరిగినప్పుడు హైదరాబాదు పేరను స్కైకింగ్స్ అను జట్టు నుండెను. కావున ఇది మనకు బొత్తిగ పరాయి సంగతి కాదు.

తలదెబ్బల దీర్ఘఫలితమును మొదట గుర్తించినది ముష్టియుద్ధము చేయువారిలో. 1928లో న్యూజెర్సీ యందలి హారిసన్ మార్ట్‌లాండ్ అను వైద్యుడు, అనేక సంవత్సరములు గ్రుద్దులు తిన్న ముష్టియోధులు త్రాగినవారివలె తూలుట, మాట తడబడుట, బుద్ధి మందగించుట గమనించి వ్రాసెను. అయినను ఇది ముష్టియోధుల వ్యాధియేయని లోకము చాలకాలము తలచెను.

మైక్ వెబ్‌స్టర్ అను నాతడు పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులో పేరొందిన ఆటగాడు. 1974 మొదలు 1990 వరకు 17 ఋతువులు ఆ వృత్తిలో నుండెను. అతని స్థానము జట్టు నడుమనుండుటచే ప్రతి ఆరంభమునందును ఎదుటివానితో తల తాకించుకొనవలసి వచ్చెడిది. ఆట విడిచిన పిమ్మట అతనికి జ్ఞాపకశక్తి సన్నగిల్లెను; మనస్సు చెదరెను; ధనము పోయెను; ఒక్కొక్కప్పుడు తన వాహనముననే నిద్రించెను. 2002 సెప్టెంబరులో 50వ యేట మరణించెను. శవపరీక్ష జరిపిన బెన్నెట్ ఒమాలు నైజీరియాలో పుట్టి అమెరికాలో పనిచేయుచుండిన వైద్యుడు. పైకి ఆ మెదడు మామూలుగనే కనబడెను. అయినను ఆయన తృప్తిపడక, దానిని పలుచని పొరలుగ కోయించి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో పరిశీలించెను. టౌ అను మాంసకృత్తు ముద్దలుకట్టి యుండుట కనబడెను. 2005లో ఆయన దీనిని ప్రకటింపగా, ఆట సంఘమునకు చెందిన వైద్యులు ఆ వ్యాసమును ఉపసంహరింపవలెనని కోరిరి. అది ఉపసంహరింపబడలేదు. 2016లో ఆ సంఘపు ఉన్నతోద్యోగి యొకడు అమెరికా శాసనసభ్యుల యెదుట ఆటకును ఈ వ్యాధికిని సంబంధము గలదని యొప్పుకొనెను.

వ్యాధి స్వరూపము

ఈ వ్యాధిని క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ యందురు. పలుమారు తగిలిన దెబ్బలవలన మెల్లగ పెరుగు మెదడు వ్యాధి యని దాని భావము. నరకణములలో సన్నని గొట్టములవంటి త్రోవలు గలవు. వానిని నిలబెట్టునది టౌ. పందిరికి గుంజలెట్లో వీనికది యట్లు. మరల మరల తగులు దెబ్బలచే ఆ గుంజలు ఊడి ఒకదానితో నొకటి చిక్కుపడును. మెదడు ముడుతల లోతులలో, సన్నని రక్తనాళముల చుట్టును ఈ చిక్కులు మొదట చేరును, పిదప వ్యాపించును. లక్షణములు ఆట మానిన యెన్నియో యేండ్లకు బయలుపడవచ్చును. మరపు, త్వరగ కోపగించుట, దిగులు, నిర్ణయము చేయలేమి మొదట కనబడును. తరువాత బుద్ధి క్షీణించును. బ్రదికియున్నవానిలో దీనిని నిశ్చయముగ చెప్పు పరీక్ష లేదు. మరణానంతర పరీక్షయే ప్రమాణము.

2017లో బోస్టన్ పండితులు ప్రకటించిన పరిశోధనలో, దానముగ వచ్చిన 202 మంది ఫుట్‌బాల్ ఆటగాండ్ర మెదడులను చూడగా 177 మందిలో ఈ వ్యాధి గానవచ్చెను. అందు ఉన్నత వృత్తిశ్రేణిలో ఆడినవారు 111 మంది. వారిలో 110 మందికి వ్యాధి యుండెను. ఇచ్చట చదువరులు జాగ్రత్తగ నాలోచింపవలెను. బాధపడినవారి కుటుంబములే యెక్కువగ మెదడును దానము చేయుదురు. కావున ఆటగాండ్రందఱిలో నూటికి తొంబదితొమ్మండ్రకు ఈ వ్యాధి వచ్చునని దీని యర్థము కాదు. మరి 2019లో 266 మంది ఆటగాండ్ర మెదడులనుగూర్చి ప్రకటించిన పరిశోధనలో, ఆడిన యేండ్లు హెచ్చినకొలది ప్రమాదము హెచ్చెననియు, సుమారు 2.6 యేండ్లకు అది రెట్టింపగుచుండెననియు తేలెను.

స్పృహ తప్పించు పెద్దదెబ్బ మాత్రమే కారణమని యెంచరాదు. ఏ లక్షణమును చూపని చిన్నచిన్న తాకుడులు వేలకొలది కూడుటయే ముఖ్యకారణమని నేటి పండితుల యభిప్రాయము.

మన కాలిబంతి వీరులు

ఈ విషయము కాలిబంతికిని సంబంధించినదే. 1962లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో భారతజట్టునకు శిక్షకుడు హైదరాబాదువాడగు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ పందెములలో రక్షకుడగు జర్నైల్ సింగునకు తలపై గాయము తగిలి కుట్లు పడెను. రహీం ఆతనిని ముందువరుసకు మార్చి ఆడించెను. కుట్లతోనే ఆడి, దక్షిణ కొరియాపై జరిగిన తుదిపందెమున జర్నైల్ ఒక గోలు చేసెను. మనవారు 2–1 తేడాతో గెలిచి బంగారు పతకము దెచ్చిరి. ఆ కాలమున ఎవరికిని తెలియని సంగతిని వారు తెలియలేదని నిందించుట న్యాయము కాదు. వారి ధైర్యమునకు మేము నమస్కరించుచున్నాము. కాని నేడు తలకు దెబ్బ తగిలినవానిని ఆ విధముగ దింపుట వైద్యులు సమ్మతింపరు.

ఆ జట్టులోనివాడే హైదరాబాదు ఆటగాడు యూసుఫ్ ఖాన్. 1960లో రోము ఒలింపిక్ క్రీడలలోను ఆడి, 1966లో అర్జున పురస్కారమందెను. తుది యేండ్లలో పార్కిన్సన్ వ్యాధిచే బాధపడి 2006లో మరణించెను. ఒక్కని వ్యాధిని చూచి ఇది ఆటవలననే వచ్చినదని తీర్పు చెప్పుట శాస్త్రము కాదు. ఆటయే యెఱుగనివారికిని ఆ వ్యాధి వచ్చును. సత్యము తెలియవలెనన్న వేలమందిని పోల్చిచూడవలెను.

అట్టి పోలిక స్కాట్లండు దేశమున గ్లాస్గో పండితులు చేసిరి. 2019లో ప్రకటించిన ఆ పరిశోధనలో 7,676 మంది పూర్వపు వృత్తి ఆటగాండ్రను సామాన్యజనులతో పోల్చగా, మెదడు క్షీణించు వ్యాధులచే మరణించుట ఆటగాండ్రలో సుమారు మూడున్నర రెట్లు హెచ్చుగ నుండెను. 2021లో మరల పరిశీలింపగా, బంతిని తలతో తఱచుగ కొట్టు రక్షకులలో ఆ ప్రమాదము అన్నిటికంటె హెచ్చు. తలతో కొట్టుట యరుదైన గోలుకీపర్లలో సామాన్యులకంటె చెప్పదగిన భేదము లేదు. అయినను ఆ యాటగాండ్రే గుండెజబ్బులచే మరణించుట ఇతరులకంటె తక్కువ. కావున ఆట విడువవలసిన పని లేదు. తలను కాచుకొనవలసిన పని గలదు.

దేశదేశముల నియమములు

అమెరికాలో 2015 మొదలు పదియేండ్లలోపు పిల్లలు కాలిబంతిని తలతో కొట్టకుండ అచ్చటి ఫుట్‌బాల్ సమాఖ్య నియమించినది. క్రికెట్టులో 2019 ఆగస్టు మొదలు తలదెబ్బ తగిలినవానికి బదులు మరియొకనిని దింపవచ్చును. 2020 డిసెంబరులో కాన్‌బెరాలో రవీంద్ర జడేజా తలకు బంతి తగులగా యజువేంద్ర చాహల్ ఆతనికి బదులు దిగిన సంగతి మీలో ననేకులు చూచియే యుందురు. ప్రపంచప్రసిద్ధులగువారే తొలగి కూర్చుండగా, మన యూరి పందెములో ఒక బాలుడు తొలగి కూర్చుండుట యవమానమెట్లగును?

మనము చేయవలసినవి

వెల్గటూరు, ధర్మపురి, జగిత్యాల ప్రాంతములలో మన పిల్లలకు తలదెబ్బలు ఆటస్థలముననే తగులుట లేదు. చెట్లెక్కి పడుటచేతను, శిరస్త్రాణము లేని మోటారు సైకిలు ప్రయాణముచేతను తగులుచున్నవి. ఎచ్చట తగిలినను ఈ క్రింది నియమములు మఱవరాదు.

1. తలకు దెబ్బ తగిలి తబ్బిబ్బయినవానిని తక్షణమే ఆటనుండి తొలగింపవలెను. ఆ దినమున మరల ఆడనీయరాదు. తాను బాగుగనున్నానని వాడు చెప్పినను వినరాదు. ఏలయనగా తీర్పు చెప్పవలసిన మెదడే దెబ్బతిన్నది.

2. వాంతులు, హెచ్చగుచున్న తలనొప్పి, మగత, మూర్ఛ, అడిగినదే అడుగుట, చేయికాళ్లు పట్టుదప్పుట, చెవినుండి గాని ముక్కునుండి గాని నీరో నెత్తురో కారుట, వీనిలో నేదియైనను గలిగినచో 108కి ఫోను చేసి ఆసుపత్రికి పంపవలెను.

3. మెడకు దెబ్బ తగిలినదన్న యనుమానమున్నచో వానిని లేవనెత్తి నిలబెట్టరాదు, కదలింపక యుంచవలెను.

4. దెబ్బతిన్నవానిని ఒంటరిగ ఇంటికి పంపరాదు, సైకిలు తొక్కనీయరాదు. తలిదండ్రులకు తప్పక తెలుపవలెను.

5. ఒకటి రెండు దినములు విశ్రాంతి యవసరము. పిదప మెల్లమెల్లగ చదువునకును, లక్షణములు పూర్తిగ పోయి వైద్యుడు సమ్మతించిన పిమ్మటనే ఢీకొనుటగల ఆటకును రావలెను. మొదటి దెబ్బ మానకముందే రెండవది తగులుట గోరుచుట్టుపై రోకటిపోటు వంటిది. పిల్లలలో అది యొక్కొక్కప్పుడు ప్రాణాంతకమగును.

6. కబడ్డి ఆడుచోట రాళ్లు ఏరి, నేలను త్రవ్వి, ఇసుకయో మెత్తనిమన్నో పోయవలెను. కూతకు వచ్చినవానిని తలక్రిందుగ నెత్తి వేయరాదు. చిన్నపిల్లలచే బంతిని తలతో కొట్టించు అభ్యాసము మానవలెను.

వీనిలో ధనముతో కూడిన పని లేదు. కావలసినది మనస్సు మాత్రమే. పక్షనాయకుడు తన చెలికానిని ప్రక్కన కూర్చుండబెట్టుటకును, ఉపాధ్యాయుడు గెలుపును వదలుకొనుటకును, ప్రేక్షకులు అందులకు చప్పట్లు గొట్టుటకును నేర్చుకొనవలెను. “బ్రదికియుండిన బలుసాకు తినవచ్చు” నని మన పెద్దలు చెప్పిరి. బ్రదికియుండుటతోపాటు తనవారి పేర్లు, తాను చదివిన చదువు, తానాడిన ఆటలు ముదిమియందును జ్ఞప్తియుండుట గూడ నొక భాగ్యమే. వెబ్‌స్టరు నాలుగు మహావిజయములు గడించియు ఈ భాగ్యమును పోగొట్టుకొనెను.

ఈ సంవత్సరపు పందెములలో మా మొదటి చప్పట్లు గెలిచినవానికి గాక, దెబ్బ తగిలెనని నిజము చెప్పి తొలగి కూర్చున్నవానికి చెందవలెనని మేము నిశ్చయించుకొన్నాము. మీరును మాతో గలియుదురు గాక.